ఫిషింగ్ రాడ్ చెక్క పిడికి ఏ పూత వేసుకోవాలి: నూనె, వార్నిష్, లక్క, ఎపాక్సీలలో ఏది ఎక్కడ

నాలుగేళ్ళ కిందటి మాట. యనమలకుదురు దగ్గర బందరు కాలువ గట్టు మీద కూర్చున్నాను. అప్పుడే ఎర పిండి కలిపాను. తౌడు, వేరుశనగ చెక్క జిడ్డు వేళ్ళ సందుల్లో ఇంకా ఉంది. మంచి బొచ్చె తగిలింది. అది ఒక్క గుంజు గుంజేసరికి పిడి నా అరచేతిలో తడి సబ్బులా తిరిగిపోయింది. రెండో చేత్తో సర్దుకునేలోపు దారం సడలింది, చేప పోయింది.

ఆ పిడి చేవ ఉన్న టేకుతో లేతు మీద తిప్పించింది. ఫర్నిచర్ పాలిష్ చేసే ఒకాయనతో దానికి మెలమైన్ అనే పాలిష్ వేయించాను. చూడముచ్చటగా మెరిసేది, నీళ్ళ దగ్గర మాత్రం పనికి రాలేదు. ఆ ఏడే రోహిణి కార్తె ఎండల్లో రెండు రోజులు కారు డిక్కీలో ఉండిపోయింది. తీసి చూస్తే పిడి అడుగున, కర్రని అడ్డంగా కోసిన చోట, పూత బుడగలా లేచి ఉంది. గోరు పెడితే రేకులా ఊడొచ్చింది.

ఆ తర్వాత ఏడు పిడులు చేసుకున్నాను, ఒక్కోదానికి ఒక్కో పూత వేసి చూశాను. కాబట్టి నా మాట ముందే చెప్పేస్తాను. పిడి మొత్తానికి ఒకే పూత వేయొద్దు. చెయ్యి పట్టే భాగానికి చెక్కలోకి ఇంకి ఆరే నూనె వేయండి. చెయ్యి అంతగా పట్టని చోట్లకి, అంటే రీలు కూర్చునే చోటికి, పిడి అడుగు ముఖానికి, పై అంచుకి మెరైన్ వార్నిష్ వేయండి. ఎపాక్సీని, అంటే రెండు ద్రవాలు కలిపితే గట్టిపడే రెసిన్‌ని, గైడ్లని (గాలపు దారం దూరే రింగులని) రాడ్‌కి కట్టే దారం చుట్ల దగ్గరే ఆపండి. మెలమైన్ జోలికి పోవద్దు. మీ అవసరం వేరైతే ఈ సలహా ఎక్కడ మారుతుందో కూడా చెబుతాను.

ఇంకేవి, పైన నిలిచేవి

డబ్బాల మీద ఎన్ని పేర్లున్నా పూతలు ప్రధానంగా రెండు రకాలు. ఒకటి చెక్కలోకి ఇంకి అక్కడే గట్టిపడుతుంది. రెండోది చెక్క మీద పొరలా నిలుస్తుంది. అవిసె నూనె, టంగ్ ఆయిల్ మొదటి రకం. లక్క, మెలమైన్, పీయూ (పాలీయురేథేన్), మెరైన్ వార్నిష్, ఎపాక్సీ రెండో రకం. డేనిష్ ఆయిల్ పేరుతో అమ్మేవి మామూలుగా నూనె, వార్నిష్ కలిపినవి. అవి రెండింటికీ మధ్యలో ఉంటాయి.

పొర పూత నీళ్ళని బాగా ఆపుతుంది. కానీ అప్పుడు మన చెయ్యి తగిలేది నున్నటి పొరకి. తడి, చేప జిగురు, ఎర పిండి జిడ్డు కలిస్తే అది జారుతుంది. ఇంకో కష్టం ఉంది. పొర ఒక్క చోట పగిలిందంటే నీళ్ళు దాని కిందకి పాకుతాయి, మళ్ళీ తేలిగ్గా బయటికి రాలేవు. లోపల చెక్క నల్లబడుతుంది. బాగు చేయాలంటే చాలాసార్లు మొత్తం గీకేసి మళ్ళీ మొదటినుంచి రావాలి.

నూనె పూత నీళ్ళని అంత గట్టిగా ఆపదు, ఈ సంగతి దాచను. కానీ చెక్క చారలు వేళ్ళకి తెలుస్తాయి, తడిలో కూడా పట్టు ఉంటుంది. గీత పడితే ఆ ఒక్క చోట ఉప్పు కాగితంతో రుద్ది నాలుగు చుక్కలు రాస్తే చాలు. గట్టు మీద రాళ్ళలో పెట్టే రాడ్‌కి, బైకు వెనక కట్టుకుని తిరిగే రాడ్‌కి గీతలు పడకుండా ఎలా ఉంటాయి? నేను నూనె వైపు మొగ్గేది ముఖ్యంగా అందుకే.

నూనెల్లో ఏది ఆరుతుంది, ఏది ఆరదు

మొదటి నూనె పిడి చేసేటప్పుడు మా వీధిలో వడ్రంగి మేస్త్రిని అడిగాను. "ఇంట్లో ఆముదం ఉంది మేస్త్రి గారూ, రాయొచ్చా?" అన్నాను.

"ఆముదం బండి ఇరుసుకండీ. ఎన్నాళ్ళయినా ఆరదు. మీ చేతికంటుద్ది, చేతినుంచి చొక్కాకంటుద్ది" అన్నాడాయన.

ఆయన చెప్పింది నిజం. నూనె ఆరడమంటే నీళ్ళలా ఆవిరైపోవడం కాదు. గాలిలోని ఆక్సిజన్‌ని తీసుకుని, పలచని ద్రవం కాస్తా గట్టి పదార్థంగా మారాలి. ఆముదం, కొబ్బరి నూనె, వేరుశనగ నూనె అలా మారవు. రాసిన రోజు నిగనిగలాడతాయి, కొన్ని వారాలకి దుమ్ము పట్టి ముక్కవాసన వస్తాయి. అవిసె నూనె, టంగ్ ఆయిల్ మారతాయి.

అవిసె నూనెలో పచ్చిది, బాయిల్డ్ అని రెండు దొరుకుతాయి. పచ్చి నూనె పూత ఆరడానికి రోజులు, ఒక్కోసారి వారాలు పడుతుంది. బాయిల్డ్ అని అమ్మేదాంట్లో త్వరగా ఆరడానికి లోహపు లవణాలు కలుపుతారు, అది సుమారు ఒక రోజులో ఆరుతుంది. డబ్బా మీద ఆ మాట చూసి కొనండి. కాచి వాడదామని మాత్రం ఇంట్లో పొయ్యి మీద పెట్టొద్దు, ప్రమాదం. అవిసె నూనెతో నాకున్న ఫిర్యాదు ఒక్కటే, వర్షాకాలం. ఆగస్టు, సెప్టెంబరు తేమలో గుడ్డ సంచిలో పెట్టిన పిడి మీద బూజు మచ్చలు వచ్చాయి. కాలం గడిచేకొద్దీ పసుపు, గోధుమ రంగుల్లోకి తిరుగుతుంది కూడా. టేకు మీద అది అందమే. తెల్లటి కర్ర మీద మురికి పట్టినట్టు కనబడుతుంది.

టంగ్ ఆయిల్ చైనాలో పుట్టిన ఒక చెట్టు గింజల నుంచి తీస్తారు. అవిసె నూనె కంటే నీళ్ళకి బాగా తట్టుకుంటుంది, పసుపు రంగు కూడా తక్కువ తిరుగుతుంది. నా ఓటు దీనికే. మామూలు పెయింట్ల షాపుల్లో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించుకున్నాను. కొనేటప్పుడు ఒక్కటి చూసుకోండి. "టంగ్ ఆయిల్ ఫినిష్" అని రాసి ఉన్న డబ్బాల్లో చాలావాటిలో అసలు నూనె కొంచెమే, మిగతాదంతా వార్నిష్, థిన్నర్. నూటికి నూరు శాతం టంగ్ ఆయిల్ అని రాసి ఉన్నదే తీసుకోండి. ఒక పిడికి అన్ని పూతలూ కలిపి 30 మిల్లీలీటర్లకి మించి పట్టదు, చిన్న సీసా చాలు.

ఇక్కడొక హెచ్చరిక, దయచేసి దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ఈ నూనెలు ఆక్సిజన్ తీసుకునేటప్పుడు వేడి పుడుతుంది. పిడి మీద అది తెలియదు. కానీ నూనె తుడిచిన గుడ్డని ఉండ చుట్టి మూల పడేస్తే వేడి లోపలే చిక్కుకుపోయి, అగ్గిపుల్ల తగలకుండానే గుడ్డ అంటుకోవచ్చు. మన మే నెల ఎండలు దానికి ఇంకా తోడవుతాయి. పని అవగానే గుడ్డని నీళ్ళలో తడిపేయండి, లేదా ఆరుబయట ఒకే పొరగా పరిచి పూర్తిగా గట్టిపడ్డాక పారేయండి. నేను పాత పెయింటు డబ్బాలో నీళ్ళు పోసి పక్కనే పెట్టుకుని పని మొదలుపెడతాను.

పొర పూతల్లో తేడాలు

మెరైన్ వార్నిష్‌కి ఇంకో పేరు స్పార్ వార్నిష్. ఓడల తెరచాప కొయ్యల కోసం పుట్టింది. ఎండకి, వానకి కొయ్య ఉబ్బుతుంది, కుంచించుకుపోతుంది. దాంతోపాటు సాగేలా దీన్ని మెత్తగా తయారుచేస్తారు. ఎండలోని అతినీలలోహిత కిరణాలని తట్టుకునే పదార్థం కూడా కలుపుతారు. ఆరుబయట తిరిగే పిడికి పొర పూత వేయాలంటే ఇదొక్కటే నాకు నమ్మకం. ఆ మెత్తదనమే దీని లోపం కూడా. పూర్తిగా గట్టిపడకముందే రీలు బిగిస్తే అచ్చు పడుతుంది. చివరి పూత తర్వాత కనీసం వారం ఆగండి.

మెలమైన్, టూ-ప్యాక్ పీయూ (రెండు డబ్బాలవి కలిపి వేసేది) మన ఊళ్ళో ఫర్నిచర్ పాలిష్ చేసేవాళ్ళు రోజూ వాడేవి. తలుపుకి, డైనింగ్ టేబుల్‌కి అవి మంచివే. మెలమైన్ ఇంటి లోపలి పనికి చేసింది. పెళుసుగా ఉంటుంది, కర్రతో పాటు సాగదు. నా పిడి అడుగున లేచిన బుడగకి కారణం అదే. ఆ ముఖం నుంచి చెమ్మ లోపలికి పోయింది, డిక్కీ వేడికి బయటికి రావాలని చూసింది, పొర దారివ్వలేదు. పీయూ అంతకంటే గట్టిది, ఆరుబయటకి వాడే రకాలూ ఉన్నాయి. కానీ స్ప్రే గన్ లేకుండా సమంగా వేయడం కష్టం, పట్టు విషయంలో మెలమైన్ లాగే జారుతుంది. పాలిష్ వేయించక తప్పదనుకుంటే మెరుపు లేని మ్యాట్ అడగండి, కొంత నయం.

లక్క విషయం వేరు. ఏటికొప్పాక బొమ్మలు చేసేటప్పుడు చూసినవాళ్ళకి తెలుస్తుంది. అంకుడు కర్ర లేతు మీద తిరుగుతూ ఉంటే రంగు లక్క కడ్డీని దానికి ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రకి పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. మన పిడి కూడా లేతు మీద తిరిగిందే కాబట్టి ఆ పని చూసినప్పుడల్లా నాకు చెయ్యి ఊరుతుంది. కానీ లక్క వేడికి మెత్తబడుతుంది, నీళ్ళు నిలిస్తే తెల్లబారుతుంది. స్పిరిట్‌లో కరిగించి వేసే లక్క పాలిష్‌దీ అదే గుణం. రోజూ తడిసే పిడికి పైపూతగా వద్దు. అడుగు పూతగా మాత్రం బంగారం. టేకు, ఇరుగుడు లాంటి కర్రల్లో సహజంగా నూనె ఉంటుంది, దాని వల్ల వార్నిష్ సరిగా ఆరదు, పట్టుకోదు. మైనం తీసిన లక్కని పలచగా ఒక్క చెయ్యి, అంటే ఒక్క పూత, వేసి, ఆరాక వార్నిష్ వేస్తే ఆ గొడవ ఉండదు.

ఎపాక్సీ గురించి కుర్రాళ్ళు ఎక్కువ అడుగుతున్నారు, వీడియోల్లో గాజులా మెరిసే పిడులు చూసి. రాడ్ పనికి అమ్మే ఎపాక్సీ రెండు సీసాలుగా వస్తుంది, ఎక్కువ రకాల్లో సమపాళ్ళలో కలపాలి. కొలత కొంచెం తప్పినా జిగటగానే ఉండిపోతుంది. వేశాక కారకుండా కొన్ని గంటల పాటు రాడ్‌ని నెమ్మదిగా తిప్పుతూ ఉండాలి. మన వేసవిలో కలిపిన గిన్నెలోనే గట్టిపడటం మొదలవుతుంది, అనుకున్నంత టైమ్ దొరకదు. ఎండలో కొన్నాళ్ళకి పసుపు తిరుగుతుంది. ఇవన్నీ ఓర్చుకున్నా చేతికొచ్చేది తడిలో జారే పిడే. గైడ్ల దారాన్ని కాపాడటానికి ఎపాక్సీకి సాటి లేదు, అక్కడ తప్పకుండా వాడండి.

పడవలకి వాడే జీడి నూనె గురించి కూడా ఒకరు అడిగారు. జీడి పిక్కల పెంకు నుంచి తీసే ఆ నూనె ఒంటికి తగిలితే పొక్కులు లేస్తాయి. చేత్తో పట్టుకునే వస్తువుకి దాన్ని తలపెట్టకండి.

కర్ర ఏదైతే ఏం మారుతుంది

టేకు అయితే పూతకి ముందు థిన్నర్‌లో తడిపిన గుడ్డతో తుడిచి, పైనున్న జిడ్డు తీసి, ఆరిన వెంటనే పూత వేయండి. దిరిసెన, మామిడి లాంటి కర్రలు నూనెని బాగా తాగుతాయి, వాటికి ఒకటి రెండు పూతలు ఎక్కువ వేయాలి. కొండపల్లి బొమ్మల తెల్ల పొణికి తేలిక కాబట్టి బాగుంటుందని కొందరు అనుకుంటారు. అది చాలా మెత్తన, గోరు నొక్కితే గుంట పడుతుంది. ఏ పూతా దాన్ని గట్టిపరచలేదు.

నేను వేసే పద్ధతి

వేసవిలో కాలువలు కట్టేసిన రోజులు ఈ పనికి అనువు. చేపలు పట్టడానికి ఎలాగూ పెద్దగా పని ఉండదు, నూనె కూడా త్వరగా ఆరుతుంది. వార్నిష్ మాత్రం నడి మధ్యాహ్నం వేయొద్దు. కుంచె గీతలు సర్దుకోకముందే బిగుసుకుంటుంది. నేను పొద్దున ఆరు, ఏడు గంటల మధ్య, గాలి లేనప్పుడు, ఫ్యాన్ ఆపేసి వేస్తాను. ముసురు పట్టిన రోజున ఏ పూతా వేయను.

120 నంబరు ఉప్పు కాగితంతో మొదలుపెట్టి 180, 220 దాకా రుద్దుతాను, కర్ర చారల వెంటే. లేతు మీద అడ్డంగా పడ్డ సన్న గీతలు పూత వేశాకే బయటపడతాయి. అందుకే పిడిని కిటికీ వెలుగుకి అడ్డంగా పట్టుకుని చూసి, ఒక్కటి కనబడినా వెనక్కి వెళ్తాను. తర్వాత తడి గుడ్డతో పిడి అంతా ఒకసారి తుడుస్తాను. ఆరేసరికి నున్నగా ఉందనుకున్న పిడి లేత గడ్డంలా గరుకు తేలుతుంది. నీళ్ళు తగిలితే లేచే నూగు అది. ఇప్పుడే లేపి 220తో తేలిగ్గా తీసేయాలి. లేకపోతే మొదటిసారి చెయ్యి తడిసినప్పుడు నీళ్ళ దగ్గర లేస్తుంది. చెయ్యి పట్టే చోట 320 దాటి వెళ్ళను. మరీ అద్దంలా చేస్తే నూనె వేసినా పట్టు పోతుంది.

ముందు వార్నిష్ చోట్లు పూర్తి చేస్తాను. చెయ్యి పట్టే భాగానికి అంచున పెయింటర్లు వాడే కాగితం టేప్ అంటిస్తాను. వార్నిష్ మొదటి చెయ్యికి టర్పెంటైన్ సగానికి సగం కలిపి పలచగా వేస్తే లోపలికి దిగుతుంది. తర్వాత రెండు మూడు చేతులు, మధ్యలో ఒక్కో రోజు విరామం, ప్రతిసారీ 320తో పైపైన గరుకు చేయడం. పిడి అడుగు ముఖానికి అదనంగా రెండు చేతులు పడాలి. అడ్డంగా కోసిన చోట కర్ర గొట్టాల కట్టలాంటిది, నీళ్ళని పీల్చేస్తుంది. మొదటి చెయ్యి వేసిన రెండు నిమిషాల్లో అక్కడ పొడిగా కనబడుతుంది, మళ్ళీ వేస్తే మళ్ళీ తాగుతుంది. తాగడం ఆపేదాకా వేయండి.

చాలామంది మరిచిపోయే చోటు ఇంకొకటి ఉంది. పిడి లోపల రాడ్ దూరే రంధ్రం. బయట ఎంత బాగా పూసినా రంధ్రం పచ్చిగా ఉంటే పై అంచు దగ్గర చేరిన నీళ్ళు లోపలికి దిగి పిడి లోపలినుంచి ఉబ్బుతుంది. అతికించేటప్పుడు ఎపాక్సీ జిగురుని రాడ్‌కి రాయడమే కాకుండా రంధ్రం గోడలకి కూడా సన్నటి పుల్లతో అంతా పట్టించండి. ఆ జిగురే పూత పని చేస్తుంది.

వార్నిష్ గట్టిపడ్డాక టేప్ తీసి నూనె మొదలుపెడతాను. టంగ్ ఆయిల్ మొదటి పూతకి టర్పెంటైన్ సమంగా కలుపుతాను. గుడ్డతో ధారాళంగా రాసి ఇరవై నిమిషాలు వదిలేస్తే కొన్ని చోట్ల పొడిబారుతుంది, అక్కడ మళ్ళీ రాస్తాను. ఆ తర్వాత పొడి గుడ్డతో తుడిచేయాలి, ఇంక తుడవడానికి ఏమీ లేదు అనిపించేదాకా. నూనె పూత పాడయ్యేది ఎక్కువగా ఇక్కడే. పైన మిగిలిన నూనె బెల్లం పాకంలా జిగటగా నిలిచిపోతుంది. నా రెండో పిడికి అలాగే అయింది, టర్పెంటైన్‌తో కడిగి మళ్ళీ చేశాను. గంట తర్వాత ఇంకోసారి చూడండి, రంధ్రాల్లోంచి చిన్న చుక్కలు పైకి చెమర్చి ఉంటే వాటినీ తుడవండి.

పూతకీ పూతకీ మధ్య రెండు రోజులు, మొత్తం నాలుగు పూతలు. ఆ తర్వాత కూడా లోపల గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పడుతుంది. మేలో మొదలుపెడితే కాలువలకి నీళ్ళు వదిలే నాటికి పిడి సిద్ధంగా ఉంటుంది.

మీ వాడకం వేరైతే

సూర్యలంక, మంగినపూడి లాంటి చోట్ల సముద్రం ఒడ్డున ఎక్కువగా వేసేవాళ్ళకి ఒక్క నూనె చాలదు. ఉప్పు తడి అంత తొందరగా ఆరదు, నూనె పూతని త్వరగా తినేస్తుంది. పిడి అంతా మెరైన్ వార్నిష్ వేసి, పట్టు కోసం చెయ్యి పట్టే చోట నూలు తాడు గాని, టెన్నిస్ రాకెట్ గ్రిప్ టేప్ గాని చుట్టుకోండి. ఇంటికి రాగానే మంచినీళ్ళతో కడగండి.

ఎవరికైనా బహుమతిగా ఇచ్చే పిడి, గోడకి పెట్టుకునే పిడి అయితే లక్క పాలిష్ వేయించండి. ఆ లోతైన మెరుపు మరి దేనికీ రాదు. ఓపిక లేదు, వారంలో రాడ్ కావాలంటే బాయిల్డ్ అవిసె నూనె మూడు పూతలు వేసి వాడుకోండి, వర్షాకాలంలో మాత్రం గాలి ఆడే చోట నిలబెట్టండి. పసిపిల్లల చేతికి ఇచ్చే చిన్న రాడ్‌కి నేను టంగ్ ఆయిల్ ఒక్కటే వేస్తాను, లోహపు లవణాలు కలిపినవి వద్దు.

నూనె పిడికి ఏడాదికోసారి సేవ కావాలి. బొటనవేలు ఆనే చోట ముందుగా రంగు వెలిసి, కర్ర బూడిద రంగులోకి తిరుగుతుంది. అక్కడ ఒక్క నీటి చుక్క వేసి చూడండి. ముత్యంలా నిలబడితే ఇంకా పరవాలేదు. పరుచుకుని కర్ర ముదురు రంగుకి తిరిగితే 320తో పైపైన రుద్ది, నూనె రాసి, ఇరవై నిమిషాలాగి తుడిచేయండి. బొచ్చె పోగొట్టిన ఆ టేకు పిడికి కూడా మెలమైన్ అంతా గీకేసి ఇదే పూత వేశాను. ఇప్పుడు నేను కాలువకి తీసుకెళ్ళేది ఆ రాడ్‌నే.